"వయసుకు తగ్గ పరిపక్వత లేదు" అంటున్నారు: ఇది ఎదుగుదల లోపమా, చిన్నతనమా?

ప్రశ్న
రాసినవారు: హనుమకొండ అమ్మ, జనవరి 2025

అందరికీ నమస్కారం. పిల్లల పెంపకం గురించి ఇక్కడ జరిగే చర్చలను చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. వివరాలు లేకుండా అడిగితే సమాధానం చెప్పేవారికి ఇబ్బంది కనుక కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

మా బాబు 2018 మే 20న పుట్టాడు. జూన్ 1 నాటికి ఐదేళ్లు నిండితే చాలని బడివారు చెప్పడంతో 2023లో ఒకటో తరగతిలో చేర్చాము, ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నాడు. చదువులో వెనుకబాటు లేదు. వత్తులున్న మాటలను తడబడకుండా చదువుతాడు, పదో ఎక్కం దాకా అప్పజెబుతాడు. చిక్కంతా ప్రవర్తనతోనే. పెన్సిలు ముక్కు విరిగితే బల్ల కిందికి దూరి ఏడుస్తాడు. బడిలో కుర్చీలాటలో ఓడిపోయిన రోజున అరగంట సేపు ఎవరు ఊరుకోబెట్టినా ఊరుకోలేదట. ఆట విరామంలో తన తరగతి పిల్లలను వదిలేసి యూకేజీ పిల్లలతో ఆడుకుంటాడు. టీచరు ఇతరులకు సమాధానం చెప్పే అవకాశం ఇస్తే అలుగుతాడు.

మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో "మీ బాబు బాగా ఇమ్మెచ్యూర్‌గా ఉన్నాడు, ఇదే తరగతి మళ్లీ చదివించండి, లేదా ఏకాగ్రత కోసం డాక్టరుకు చూపించి మందులు వాడండి" అన్నారు. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మా అత్తయ్యగారు "వాళ్ల నాన్న కూడా పదేళ్లదాకా నా కొంగు వదల్లేదు, అదే పోతుంది" అంటారు. మా వారు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ గట్టిగా ఉండాలంటారు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

పిల్లవాడి మనసు ఎదగడంలో ఆలస్యం జరిగితే దాన్ని ఎలా గుర్తించాలి? వయసు చిన్నది కావడానికీ, నిజంగా లోపం ఉండడానికీ తేడా ఎక్కడ ఉంటుంది? తరగతి మళ్లీ చదివిస్తే మేలు జరుగుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


జవాబు 1
రాసినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

అమ్మా, ముప్పై నాలుగేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసినవాడిని. నేను వైద్యుడిని కాను కనుక వైద్యం గురించి మాట్లాడను. హాజరుపట్టీ గురించి మాత్రం మాట్లాడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం సమాధానం అందులోనే ఉందని నా నమ్మకం.

మీ బాబు తరగతిలో ప్రతి బిడ్డ పుట్టిన తేదీ ఏమిటో టీచరుగారిని అడగండి. జూన్ 1 లెక్క పెట్టుకున్న బడిలో 2017 జూన్ మొదట్లో పుట్టిన బిడ్డ, 2018 మే నెలలో పుట్టిన మీ బాబు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరికీ మధ్య పదకొండు నెలలకు పైగా తేడా. ఒకటో తరగతిలో చేరిన నాటికి మీ వాడు భూమి మీద గడిపింది అరవై నెలలు, ఆ బిడ్డ గడిపింది డెబ్బై రెండు. అంటే మీ వాడు అప్పటిదాకా బతికిన కాలంలో ఐదో వంతు ఆ బిడ్డకు అదనంగా ఉంది. నలభై ఏళ్లవాడికీ నలభై ఒకటేళ్లవాడికీ మధ్య తేడాను ఎవరూ పట్టించుకోరు, ఐదేళ్ల దగ్గర మాత్రం ఆ ఏడాది కొండంత ఉంటుంది. పైగా కొందరు తల్లిదండ్రులు కావాలనే ఒక ఏడాది ఆపి చేరుస్తారు కనుక మీ తరగతిలో ఎనిమిదేళ్లకు దగ్గరపడుతున్నవారు కూడా ఉండవచ్చు.

మా తరంలో ఈ బాధ బయటపడేది కాదు. మా ఈడువారిలో చాలామంది పుట్టినరోజు జూన్‌లోనో జూలైలోనో ఉంటుంది, ఎందుకంటే అది తల్లి చెప్పిన తేదీ కాదు, బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టరు లెక్క సరిపోయేలా వేసిన తేదీ. (నా రికార్డు ప్రకారం నేను జూలై 1న పుట్టాను. మా అమ్మ మాత్రం సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు అనేది.) ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదేళ్లవాడు, ఎనిమిదేళ్లవాడు ఒకే గదిలో కూర్చునేవారు. చిన్నవాడు ఏడిస్తే పెద్దవాడు పలక తుడిచి ఇచ్చేవాడు. అక్కడ "వయసుకు తగ్గట్టు లేడు" అనే మాటే పుట్టదు, ఎందుకంటే ఏ వయసుకు తగ్గట్టు ఉన్నా ఆ గదిలో ఆ వయసువాడు ఒకడు ఉండేవాడు. అందుకే యూకేజీ పిల్లలతో ఆడుకోవడాన్ని నేను తప్పుగా చూడను. తన స్థాయికి సరిపోయే తోడును వెతుక్కున్నాడనే అనుకుంటాను.

ఇంకొక మాట. 2009 విద్యా హక్కు చట్టం పిల్లలను ఏ తరగతిలోనూ నిలిపివేయరాదన్నది. 2019లో దాన్ని సవరించి 5, 8 తరగతుల్లో నిలిపివేయడానికి ప్రభుత్వాలకు వీలు కల్పించారు. రెండో తరగతి ఆ సవరణలో లేదు. కాబట్టి బడి తనంతట తాను బాబును ఆపలేదు, మీ చేత ఒప్పుకోలు పత్రం రాయించుకుంటుంది. తొందరపడి సంతకం పెట్టకండి.

2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అని చెప్పింది, కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి దాన్ని పాటిస్తున్నాయి. మన దగ్గర ఐదేళ్ల లెక్క చాలాకాలంగా నడుస్తూ వచ్చింది. ఐదేళ్లకు వేసిన బట్టను ఆరేళ్ల కొలతతో చూస్తే వదులుగానే కనిపిస్తుంది మరి.


జవాబు 2
రాసినవారు: క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాదు

నమస్కారమండీ. పిల్లల ఎదుగుదలను అంచనా వేసే క్లినిక్‌లో పనిచేస్తాను. బాబును చూడకుండా నిర్ధారణ చెప్పడం సరికాదు, చెప్పను కూడా. అయితే మీరు అడిగిన తేడాను మేము ఎలా చూస్తామో వివరించగలను.

మొదట, "ఇమ్మెచ్యూర్" అనేది జబ్బు పేరు కాదు, వైద్యపరమైన నిర్ధారణ అసలే కాదు. అది ఒక పోలిక. పోలిక అన్నప్పుడు ఎవరితో పోలిక, ఏ విషయంలో పోలిక అని అడగకుండా దాన్ని స్వీకరించకూడదు. బిడ్డ ఎదుగుదల ఒకే తాడు మీద నడవదు. నడక, మాట, లెక్క, తన పనులు తాను చేసుకోవడం, కోపాన్ని పట్టుకోవడం, ఎదుటివాడి మనసు తెలుసుకోవడం, ఇవన్నీ వేరువేరు పాయలు. ఒక పాయ ముందుకు పోయి మరొకటి వెనుక ఉండడం మామూలే. మీ బాబు విషయంలో పెద్దల అంచనాను పెంచింది చదువే అయి ఉంటుందని నా అనుమానం. ఎక్కాలు గడగడా చెప్పేవాడు ఓటమిని కూడా అంతే సులువుగా మింగేయాలని మనకు తెలియకుండానే ఆశిస్తాము.

భావోద్వేగాలను అదుపు చేసుకోవడం పుట్టుకతో రాదు, అలాగని ఉపదేశంతోనూ రాదు. రెండేళ్ల బిడ్డకు ఏడుపు ఆపుకోవడం తన చేతిలో ఉండదు, ఒక పెద్దమనిషి ఎత్తుకుని వీపు నిమిరితే ఆ పెద్దమనిషి ప్రశాంతతను అరువు తెచ్చుకుని ఊరుకుంటుంది. నాలుగైదేళ్లకు "నాకు కోపం వచ్చింది" అని మాటల్లో చెప్పడం మొదలవుతుంది, కానీ కోపం నిజంగా వచ్చినప్పుడు ఆ మాటలు గుర్తుకు రావు. ఆరు ఏడేళ్ల మధ్య మనసు మళ్లించుకోవడం, పక్కకు వెళ్లి కాసేపు ఉండి తిరిగి రావడం లాంటి ఉపాయాలు మెల్లగా అబ్బుతాయి. ఒకే మనిషి మీద ఒకేసారి ప్రేమ, కోపం రెండూ ఉండవచ్చన్న సంగతి చిన్నపిల్లలకు అర్థం కాదు. అది తెలిసేది ఇంకొంచెం ఆలస్యంగానే. "నువ్వంటే నాకు అసలు ఇష్టం లేదు" అని అమ్మ మీద అరిచిన బిడ్డ పది నిమిషాల తర్వాత ఒళ్లో పడుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ రెండూ ఆ క్షణానికి పూర్తి నిజాలే. ఇదంతా నడిపించే మెదడు భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా పక్వానికి వచ్చేది ఇరవై ఏళ్లు దాటిన తర్వాతే. ఆరేళ్ల ఎనిమిది నెలల బిడ్డ దగ్గర అది ఇంకా పునాది దశలోనే ఉంటుంది.

ఇక "ఏకాగ్రతకు మందులు" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. బడివారి ఉద్దేశం ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుదనం ప్రధాన లక్షణాలైన ఏడీహెచ్‌డీ కావచ్చు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. అక్కడ బడి లెక్క డిసెంబరు 31తో ముగుస్తుంది. అంటే డిసెంబరులో పుట్టినవారు తరగతిలో అందరికన్నా చిన్నవారు, జనవరిలో పుట్టినవారు అందరికన్నా పెద్దవారు. డిసెంబరులో పుట్టిన మగపిల్లలకు ఏడీహెచ్‌డీ అని ముద్ర పడే అవకాశం జనవరివారికన్నా 30 శాతం, ఆడపిల్లలకు 70 శాతం ఎక్కువగా కనిపించింది. జబ్బు నెలను బట్టి రాదు కదా. తరగతిలోని చిన్నవాడి చిన్నతనమే కొంతమేరకు జబ్బుగా లెక్కలోకి ఎక్కిందన్నమాట. మరోవైపు ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల నిజంగానే ఆలస్యమవుతుందని 2007లో అమెరికాలో జరిగిన స్కానింగ్ అధ్యయనం చూపింది. ఆ పొర మందం గరిష్ఠ స్థాయికి చేరే సగటు వయసు ఇతర పిల్లల్లో సుమారు ఏడున్నరేళ్లు అయితే, వారిలో పదిన్నరేళ్లు. కాబట్టి రెండూ నిజమే. ఆలస్యం అనేది ఉంటుంది, ఆలస్యంగా పొరబడడమూ ఉంటుంది. నిర్ధారణ నియమాలు కూడా ఆ లక్షణాలు బిడ్డ ఎదుగుదల స్థాయికి పొసగనివై ఉండాలని, ఆరు నెలలకు తగ్గకుండా సాగాలని, ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల కనిపించాలని అడుగుతాయి. బడిలో మాత్రమే కనిపించేదాన్ని బిడ్డలోని లోపంగా తేల్చేముందు బడిలో ఏం జరుగుతోందో చూడాలి.

మాకు ఉన్న పాత కొలమానాల్లో వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వతా సూచిక ఒకటి. అమెరికాలోని న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే ఊరి శిక్షణ పాఠశాలలో ఎడ్గర్ డాల్ అనే మనస్తత్వవేత్త 1935లో రూపొందించారు, మన దేశానికి మాలిన్ అనే ఆయన అనువదించి సరిచేశారు. అందులో బిడ్డను పరీక్షకు కూర్చోబెట్టరు. తన అన్నం తాను తింటాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, వీధి చివర దుకాణానికి వెళ్లి వస్తాడా, జట్టు ఆటల్లో నియమాలు పాటిస్తాడా అని తల్లిదండ్రులను అడిగి సామాజిక వయసును లెక్కగడతారు. మీకు నేను అడగాలనుకున్న ప్రశ్నలు కూడా ఆ తరహావే. బాబు తన పనులు ఏవేవి చేసుకుంటాడు? ఇంట్లో అమ్మమ్మ దగ్గర, వీధిలో, పెళ్లిళ్లలో కూడా ఇలాగే ఉంటాడా? ఏడ్చిన తర్వాత తేరుకోవడానికి పట్టే సమయం ఏడాది క్రితంకన్నా తగ్గిందా? ఇతర పిల్లల మీద ఆసక్తి ఉందా, కథలు కల్పించి ఆడుకుంటాడా, మీ ముఖం చూసి మీ బాధ కనిపెడతాడా? నెలలు నిండి పుట్టాడా? నిద్ర ఎన్ని గంటలు?

ఆలోచించవలసిన సంకేతం నెమ్మదిగా నడవడం కాదండీ, ఆగిపోవడం లేదా వెనక్కి పోవడం. వచ్చిన మాటలు పోవడం, కొత్తగా పక్క తడపడం, నిన్నటిదాకా ఇష్టపడిన వాటి మీద ఆసక్తి చచ్చిపోవడం, తనను గానీ ఇతరులను గానీ గాయపరచుకునేంత ఆవేశం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

తరగతి మళ్లీ చదివించడం గురించి: ఆలస్యంగా బడిలో చేర్చడానికీ, చేరిన తర్వాత ఆపడానికీ చాలా తేడా ఉంది. డెన్మార్క్‌లో ఒక ఏడాది ఆలస్యంగా బడి మొదలుపెట్టిన పిల్లల్లో ఏడేళ్ల వయసుకు అజాగ్రత్త, అతిచురుకుదనం బాగా తగ్గినట్టు, ఆ మేలు పదకొండేళ్లకూ నిలిచినట్టు 2015లో వెలువడిన పరిశోధన ఒకటి ఉంది. దాన్ని చూపి "అయితే ఇప్పుడు ఆపుదాం" అనడం పొరపాటు. ఆ పిల్లలు ఎవరి ముందూ వెనుకబడలేదు, స్నేహితులు పై తరగతికి వెళ్తుంటే చూస్తూ కూర్చోలేదు. చదువు వచ్చిన బిడ్డను, ఓటమిని తట్టుకోలేడన్న కారణంతో, అతనికి తెలిసేంత పెద్ద ఓటమిలో పడేయడం ఏ తర్కమో నాకు అర్థం కాదు.


జవాబు 3
రాసినవారు: ఇద్దరు పిల్లల తల్లి, రాజమహేంద్రవరం

పైన రాసిన ఇద్దరి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతాను. "చిన్నది కదా, వయసు వస్తే సర్దుకుంటుంది" అన్న మాట మా ఇంట్లో మూడేళ్లు విన్నాము. ఆ మూడేళ్లూ మా అమ్మాయి నష్టపోయింది.

మా పెద్దమ్మాయి అల్లరి చేసే పిల్ల కాదు. పిలిస్తే పలకదు, చెప్పిన పని సగంలో వదిలేస్తుంది, ఉన్నట్టుండి ఏడుస్తుంది, తనకన్నా చిన్నపిల్లలతోనే ఆడుతుంది. బడిలో "అమాయకురాలు, లోకజ్ఞానం లేదు" అనేవారు. బంధువులు గారాబం అన్నారు. మేమూ నమ్మాము. ఎనిమిదో ఏట జలుబుకు చూపించడానికి వెళ్లినప్పుడు చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు అనుమానించి వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనుక ద్రవం నిలిచి ఉందని, మాటలు దూరం నుంచి వస్తున్నట్టు మాత్రమే వినిపిస్తున్నాయని తేలింది. తరచూ జలుబు చేసే పిల్లల్లో ఇది కొత్త సంగతి కాదట. తరగతిలో నలభై మంది గోల మధ్య టీచరు చెప్పేది సగమే వినిపిస్తుంటే ఏ బిడ్డ అయినా పక్కవాడిని చూసి పని చేస్తుంది, తప్పు పడితే ఏడుస్తుంది. చిన్నపిల్లలతో ఆడుకోవడం ఎందుకంటే, ఆ ఆటల్లో మాటలు తక్కువ.

చికిత్స జరిగాక ఒక్కసారిగా మారిపోయిందని చెప్పను. అప్పటికే తనకు ఏమీ రాదన్న నమ్మకం మనసులో పాతుకుపోయింది. అది తీయడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

అందుచేత హనుమకొండ అమ్మగారూ, వయసు చిన్నదన్న ఊరటతో ఆగిపోకండి. ఆగడం తప్పు కాదు, చూడకుండా ఆగడం తప్పు. చెవి, కన్ను పరీక్ష చేయించండి, రక్తహీనత ఉందేమో చూపించండి. మాస్టారూ, మీ ఏకోపాధ్యాయ పాఠశాల గదిలో అందరూ కలిసిపోయారన్న మాట నిజమే కావచ్చు కానీ ఆ గదిలో వినపడక, కనపడక, అక్షరం పట్టుబడక మధ్యలోనే బడి మానేసిన పిల్లలు ఎందరో ఎవరు లెక్కపెట్టారు?


జవాబు 4
రాసినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

తల్లీ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. నా చేతి మీదుగా అలా వెళ్లిపోయినవారు ఉన్నారు. ఒక కుర్రవాడు నల్లబల్ల మీద రాసింది ఎప్పుడూ తప్పుగా ఎక్కించుకునేవాడు, మొద్దు అనుకున్నాము. వాడికి చూపు తక్కువని వాడు పొలం పనులకు పోయిన తర్వాత తెలిసింది. నేను వయసు లెక్క ముందు చూడమన్నాను కానీ అది చూసి ఊరుకోమనడం నా ఉద్దేశం కాదు.


జవాబు 5
రాసినవారు: హనుమకొండ అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. మీరు అడిగినవాటికి సమాధానాలు రాస్తున్నాను.

తరగతి పిల్లల తేదీలు అడిగాను. ముప్పై ఎనిమిది మందిలో మా వాడే అందరికన్నా చిన్నవాడు. పక్కన కూర్చునే పాప 2017 ఫిబ్రవరిలో పుట్టింది, అంటే ఏడాది మూడు నెలలు పెద్దది.

సైకాలజిస్టుగారు నెలలు నిండి పుట్టాడా అని అడిగారు. ఆ ప్రశ్న చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. బాబు ముప్పై నాలుగో వారంలో పుట్టాడు. డాక్టరుగారు మాకు ఇచ్చిన తేదీ జూలై 1. పన్నెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు, తర్వాత ఏ ఇబ్బందీ లేకపోవడంతో ఆ సంగతే మరిచిపోయాము. వాడు అనుకున్న తేదీకే పుట్టి ఉంటే జూన్ 1 నాటికి ఐదేళ్లు నిండేవి కావు. ఇప్పుడు ఒకటో తరగతిలో, అదీ పెద్దపిల్లల్లో ఒకడిగా ఉండేవాడు. ముందుగా పుట్టిన పాపానికి వాడిని ముందు తరగతిలోకి తోసేశాము.

వాడి పనుల గురించి నిజాయితీగా చెప్పాలి. అన్నం నేనే కలిపి పెడతాను, బడికి ఆలస్యమవుతుందని చొక్కా బొత్తాలు, బూట్లు నేనే వేస్తాను. చేయలేడని కాదు, చేయనివ్వలేదు. అమ్మమ్మగారి ఊళ్లో వేసవిలో నెల రోజులు ఉన్నప్పుడు తన అన్నం తానే తిన్నాడు, ఈతకాయల కోసం పిల్లలతో తిరిగాడు, అక్కడ ఇంత ఏడుపు లేదు. కథలు కల్పిస్తాడు. నాకు తలనొప్పి వస్తే దిండు తెచ్చి ఇస్తాడు. ఏడాది క్రితం ఏడుపు గంట పట్టేది, ఇప్పుడు పదీ పదిహేను నిమిషాలు. నిద్ర మాత్రం తక్కువే. ట్యూషన్ నుంచి ఏడున్నరకు వచ్చి, హోంవర్క్ చేసి పడుకునేసరికి పదకొండు అవుతుంది, ఆరింటికి లేపుతాము.

ఇది రాస్తుంటే నాకే కొన్ని సంగతులు తెలుస్తున్నాయి.


జవాబు 6
రాసినవారు: క్లినికల్ సైకాలజిస్టు, హైదరాబాదు

వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను మొదటి రెండేళ్లు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కగడతాము, తర్వాత ఆ సవరణ మానేస్తాము. బడి లెక్కకు మాత్రం ఆ సవరణ ఎప్పుడూ లేదు. ఏప్రిల్, మే నెలల్లో ముందుగా పుట్టిన బిడ్డలు ఇలా ఒక తరగతి ముందుకు జారిపోవడం నేను మరికొన్ని కుటుంబాల్లోనూ చూశాను. ముందుగా పుట్టిన పిల్లల్లో ఏకాగ్రత ఇబ్బందులు కొంత ఎక్కువగా ఉండే మాట కూడా నిజం కనుక, వయసు లెక్కతోనే తృప్తిపడకుండా ఒకసారి పూర్తి అంచనా చేయించడం మంచిది. రాజమహేంద్రవరం అమ్మగారు చెప్పిన చెవి పరీక్ష అందులో మొదటి మెట్టు.

ఎక్కడికి వెళ్లాలంటే, 2013లో మొదలైన జాతీయ బాలల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను అక్కడ చూస్తారు. ఆ కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్తాయి కానీ ప్రైవేటు బడి పిల్లలను మీరే తీసుకువెళ్లాలి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో కూడా ఎదుగుదల అంచనాలు చేస్తారు. బయట బోర్డు మీద మేధో వైకల్యం అన్న మాట చూసి బెదరకండి, అక్కడికి అనుమాన నివృత్తికి వచ్చేవారూ ఉంటారు.

నిద్ర గురించి గట్టిగా చెబుతాను. ఆ వయసు బిడ్డకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ఏడు గంటలతో నెట్టుకొస్తున్న బిడ్డ ప్రవర్తనను చూసి ఏడీహెచ్‌డీ అనుకోవడం మా వృత్తిలో మేము ఎదుర్కొనే అతి సాధారణమైన తికమక. నిద్ర చాలని పెద్దవాడు తూలుతాడు, చిన్నవాడు గంతులేస్తాడు, చిన్నదానికి ఏడుస్తాడు. రెండో తరగతికి సాయంత్రం ట్యూషన్ దేనికో నాకు తెలియదు, అందులోనూ చదువు బాగా వచ్చే బిడ్డకు.


జవాబు 7
రాసినవారు: టెక్సాస్ నాన్న

ఆలస్యంగా చూశాను, నా అనుభవం పనికొస్తుందేమోనని రాస్తున్నాను. ఇక్కడ సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండినవారిని కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. మా వాడు ఆగస్టులో పుట్టాడు. ఇక్కడి తల్లిదండ్రుల్లో ఇలాంటి పిల్లలను ఏడాది ఆపే అలవాటు ఉంది, దానికి కాలేజీ ఆటల నుంచి అరువు తెచ్చుకున్న "రెడ్ షర్టింగ్" అనే పేరు కూడా ఉంది. మేమూ ఆపాము. తరగతిలో అందరికన్నా పెద్దవాడయ్యాడు, చదువు సులువైంది, టీచర్ల మెప్పు దొరికింది. ఓడిపోతే బల్ల తన్నే అలవాటు మాత్రం రెండో తరగతికి వచ్చినా పోలేదు.

కారణం మా ఇంట్లోనే ఉంది. మా నాన్నగారు ఆరు నెలలు ఇక్కడ ఉన్నప్పుడు మనవడితో రోజూ వైకుంఠపాళి ఆడేవారు, రోజూ కావాలనే ఓడిపోయేవారు. గవ్వలు ఎలా పడ్డా తన పావును పాము నోట్లోకే తోలేవారు. మనవడి నవ్వు చూడాలని ఆయన ఆశ. మేమూ అంతే, క్యారమ్స్‌లో, పరుగు పందెంలో. ఏడేళ్లు వచ్చేదాకా ఇంట్లో ఓటమి రుచి చూడని పిల్లవాడికి బడిలో ఒక్కసారిగా తగిలింది. వయసు ఇచ్చే సమయం ఒకటి, ఆ సమయంలో దొరికే అభ్యాసం మరొకటి. మేము మొదటిది ఇచ్చి రెండోది దాచిపెట్టాము.

తర్వాత స్కూలు కౌన్సెలరు సలహా మీద చిన్న చిన్న ఓటములను అలవాటు చేశాము. నేను గెలిచినప్పుడు గెలుపు ఒప్పుకోవడం, ఓడినప్పుడు "నాకు ఉక్రోషం వస్తోంది, నీళ్లు తాగి వస్తాను" అని పైకే అనడం. రెండోది చేయడానికి నాకు సిగ్గనిపించింది, మన ఇళ్లల్లో మగవాళ్లు అలాంటి మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. వాడు ఆ మాటనే పట్టుకున్నాడు. మొక్కై వంగనిది అన్న సామెత గురించి మీ వారికి ఒక మాట: మొక్కను వంచడానికి కొట్టరు కదండీ, పక్కన కర్ర పాతి కడతారు.


జవాబు 8
రాసినవారు: హనుమకొండ అమ్మ, మార్చి 2025

రెండు నెలల తర్వాత రాస్తున్నాను. వినికిడి పరీక్ష జరిగింది, రెండు చెవులూ బాగున్నాయి. కళ్లజోడు అవసరం లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని ఐరన్ మందు రాశారు. ఎదుగుదల అంచనాలో మాట, తెలివి వయసుకన్నా కొంచెం ముందున్నాయని, సొంత పనుల్లో ఏడాది వెనుక ఉన్నాడని, ఏడీహెచ్‌డీ గురించి ఇప్పుడే తేల్చడం సరికాదని, ఏడాది తర్వాత మళ్లీ రమ్మని చెప్పారు. మందులు రాయలేదు.

ట్యూషన్ మానిపించాము. తొమ్మిదింటికి పడుకుంటున్నాడు. మా వారు మొదట్లో ఒప్పుకోలేదు కానీ అంచనా జరిగేటప్పుడు "బాబు ఏడిస్తే మీరు ఏం చేస్తారు" అని ఆయనను అడిగినప్పుడు జవాబు దొరక్క తడుముకున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో అరుపులు తగ్గాయి. చొక్కా బొత్తాలు వాడే పెట్టుకుంటున్నాడు, ఒకటి ఎప్పుడూ తప్పిపోతుంది, అలాగే బడికి పంపుతున్నాను.

తరగతి మళ్లీ చదివించే విషయంలో సంతకం పెట్టలేదు. టీచరుగారితో విడిగా మాట్లాడి పుట్టిన తేదీల పట్టీ, ముప్పై నాలుగో వారం సంగతి చెప్పాను. ఆవిడ మంచి మనిషే, ముప్పై ఎనిమిది మందిని ఒక్కరే చూసుకోవాలి. ఏడుపు వచ్చినప్పుడు అడగకుండానే వెళ్లి నీళ్లు తాగి రావడానికి బాబుకు అనుమతి ఇచ్చారు. మూడో తరగతిలో ఎలా ఉంటాడో చూద్దామన్నారు.

నిన్న రాత్రి మా అత్తయ్యగారు వాడితో వైకుంఠపాళి ఆడారు. ఆవిడకు ముందే చెప్పి ఉంచాను, ఓడిపోవద్దని. పెద్దపాము నోట్లో వాడి పావు పడింది. పలక విసిరేసి వరండాలోకి వెళ్లిపోయాడు. నేను లేవబోతే అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆరేడు నిమిషాలకు తిరిగొచ్చి, ఆవిడ వైపు చూడకుండానే, "నాదే పందెం, గవ్వలు ఇవ్వు" అన్నాడు.